నీళ్ల మిషను డబ్బులు

ఆటో కదిలేలోపే ఎర్రమ్మ నడుముకి కట్టుకున్న గుడ్డసంచిని మూడుసార్లు తడిమి చూసుకుంది. ఏడు వేల ఆరు వందలూ ఎక్కడికీ పోలేదు, చెమటకి ఒంటికి అతుక్కుని మరీ ఉన్నాయి. పోయినా బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. దారిలో సంచి తెగి ఇసకలో పడిపోతే ఇక ఇవ్వాలా మానాలా అన్న గొడవే ఉండదు, ఇంటికెళ్లి ఓ పూట ఏడ్చి ఊరుకోవచ్చు. కానీ పోవలసినప్పుడు పోయే బుద్ధి డబ్బుకి ఎప్పుడుంది గనక. కాళ్ల మధ్య చేపల బుట్ట, బుట్టలో మూడు కిలోల కానాగంతలు, వాటి మీద తడిగుడ్డ. ఎదురు సీట్లో కొబ్బరికాయల బస్తా, దాని మీద కునికిపాట్లు పడుతున్న ఎవరో పెద్దాయన. పక్కన కుమారి. ఆటోలో ఎవరెక్కినా పర్వాలేదు, ఈ కుమారి మాత్రం ఎక్కకూడదని తెల్లారి లేచిన దగ్గర్నుంచి అనుకుంటూనే ఉంది. అనుకుంటే ఎక్కకుండా ఉంటుందా, రోజూ ఇదే ఆటోలో కాశీబుగ్గ జీడిపిక్కల ఫ్యాక్టరీకి పనికి వెళ్లే మనిషి. తమ వీధి మనిషే, వరసకి చెల్లెలు. పైగా నీళ్ల మిషను కొన్న ఆ పదకొండు మందిలో కుమారి కూడా ఉంది.

“ఏటప్పా, ఇయ్యాల బుట్ట తేలిగ్గున్నట్టున్నాదే?” అంది కుమారి.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఎర్రమ్మ చెయ్యి నాలుగోసారి నడుము దగ్గరికి పోయింది. “బోట్లన్నీ ఖాళీగొచ్చినాయి కదే, ఏటి మోసుకెల్తాను?” అనేసింది. అబద్ధం. తెల్లవారుజామున కూర్మయ్య బోటు నిండా కానాగంతలే, ఒడ్డున గోలగోలగా వేలంపాట పాడారు. తనే తక్కువ తీసుకుంది, బేగి అమ్మేసి ఆ నీళ్ల మిషన్ల షాపు దగ్గరికి వెళ్లాలని. లేదా ముందే షాపుకి వెళ్లి తర్వాత అమ్మాలని. లేదా అసలు వెళ్లకుండా అమ్మేసుకుని ఇంటికొచ్చేయాలని. మూడూ అనుకుంది, మూడింటికీ సరిపోయేన్ని చేపలు తీసుకుంది. కుమారి ఫోనులో తల దూర్చింది. కుమారికి అనుమానం రాలేదని సంతోషించాలా, ఇంత చిన్నదానికే అబద్ధం చెప్పవలసి వచ్చినందుకు సిగ్గుపడాలా తెలియక, ఎర్రమ్మ బయటికి, వెనక్కి పోతున్న జీడితోటలకేసి చూస్తూ కూర్చుంది. వాన కురిసి రెండు రోజులైనా ఆకులింకా కడిగినట్టే ఉన్నాయి.

ఇదంతా ఆ నీళ్ల మిషను తెచ్చిన తంటా. వేసవిలో వేట ఆపేసిన పదో రోజున కాశీబుగ్గ నుంచి తారకేశ్వరరావు గారి షాపు వ్యాను ఊళ్లోకి వచ్చింది. అందులోంచి దిగిన మనిషి వలలు కుట్టుకునే షెడ్డులో బల్ల వేసి, ఒక గాజుగ్లాసులో ఊరి బోరు నీళ్లు, ఇంకో గ్లాసులో మిషను నీళ్లు పోశాడు. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉన్నాయి. అప్పుడు రెంటిలోనూ కరెంటు పుల్లలు ముంచాడు. మిషను నీళ్లు అలాగే ఉండిపోయాయి, ఊరి నీళ్లు మాత్రం చూస్తుండగానే ఎర్రగా మారాయి, పైన తెట్టు కట్టింది, అడుగున బురద దిగింది. “మీ ఒంట్లోకి పోయేది ఇదేనమ్మా,” అన్నాడతను. అది ఏదో గారడీ అని ఆ మధ్య టెక్కలిలో చదువుకుంటున్న పిల్లొకతి చెప్పింది గానీ అప్పుడెవరికి తెలుసు. తెలిసినా వింటారా? వీధికి ఇద్దరు ముగ్గురు కిడ్నీ మనుషులున్న ఊళ్లో, పలాస ఆస్పత్రిలో రక్తం శుద్ధి చేయించుకుని వచ్చి వాకిట్లో మంచమేసుకుని పడుకునేవాళ్ల మధ్య, ఆ ఎర్రటి గ్లాసు చూశాక ఎవరు ఆగుతారు. మొగుడు నూకయ్య ఆ గ్లాసుకేసి చూసిన చూపు ఎర్రమ్మ మర్చిపోలేదు. ఎవరో తన లోపలి భాగాన్ని తీసి బల్ల మీద పెట్టినట్టు చూశాడు. డాక్టరు అతనికి రక్తంలో క్రియాటిను మూడు దాటింది, కిడ్నీలు పాడవుతున్నాయని చెప్పి అప్పటికి రెండేళ్లు. వేట నిషేధానికి గవర్నమెంటు ఇచ్చే డబ్బులు ఖాతాలో పడి ఉన్నాయి. పదకొండు ఇళ్లవాళ్లు అక్కడికక్కడే కార్డులు తెచ్చారు. షెడ్డులో సిగ్నలు లేదు. ఆ వ్యాను మనిషి కార్డు మిషను నెత్తి మీద పెట్టుకున్నంత పని చేసి ఇసకదిబ్బ ఎక్కితే, వెనకాలే పదకొండు మందీ ఎక్కారు, గాలికి లుంగీలు ఎగురుతుంటే ఒక్కొక్కరే నెంబరు నొక్కారు, కిర్రుమని చీటీ వచ్చింది. దిబ్బ దిగి వచ్చేసరికి ప్రతి ఒక్కరూ ఏదో మొక్కు చెల్లించుకున్న మొహంతో ఉన్నారు.

వారం తిరక్కుండా నూకయ్య ఫోను టింగుమంది. ఏడు వేల ఆరు వందలు ఖాతాలో పడ్డాయి. కుమారి వాళ్లకీ పడ్డాయి, కూర్మయ్య బావకీ పడ్డాయి. సరిగ్గా మిషను కొన్న పదకొండు మందికి, సరిగ్గా మిషను ఖరీదు. మెసేజీ ఇంగ్లీషులో ఉంది, అందులో ఏముందో చదివే ఓపిక ఎవరికీ లేదు, చదవవలసిన అవసరం కూడా కనపడలేదు. ఎందుకంటే కూర్మయ్య బావ అప్పటికే అర్థం చెప్పేశాడు. “గవర్మెంటోలే ఒరే! ఉద్దానం నీల్లకి సబ్సిడీ ఇచ్చీసినారు. ఎన్నాల్ల నుండి అడుగుతన్నాం, ఇన్నాల్లకి ఇన్నారు!” అని షెడ్డు ముందు నిలబడి అరిచాడు. ఆ రోజు ఊరంతా ఏం సంబరపడ్డారు! మిషను కొనని వాళ్లు లెంపలేసుకున్నారు. ఇద్దరు ముగ్గురైతే ఆ మధ్యాహ్నమే ఆటో ఎక్కి కాశీబుగ్గ పరిగెత్తారు. ఎర్రమ్మ కూడా నమ్మింది. ఎందుకు నమ్మకూడదు? వచ్చినవాళ్లు, రక్తం తీసుకెళ్లినవాళ్లు, నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లినవాళ్లు, ఫోటోలు తీసినవాళ్లు, అందరూ ఏదో ఒకటి వస్తుందనే చెప్పి వెళ్లారు. ఇదిగో, చివరికి వచ్చింది. అంత ముచ్చటగా వచ్చిన డబ్బు ఎంతసేపు నిలుస్తుంది, వేట లేని రోజులాయె. బియ్యానికి కొంత, నూకయ్య మాత్రలకి కొంత, కొత్త వలకి తమ వంతు కొంత. ఆ డబ్బు తీసి ఖర్చు పెడుతుంటే ఎప్పుడూ లేనిది ఎర్రమ్మకి కాస్త గొప్పగా కూడా అనిపించింది, తమని ఎవరో తలుచుకున్నారని.

తలుచుకున్నది బ్యాంకు మిషను. ఆ సంగతి వేట మొదలయ్యాక తెలిసింది. తారకేశ్వరరావు గారు స్వయంగా కూర్మయ్యకి ఫోను చేసి చెప్పాడు. రాత్రికల్లా కార్డు మిషనులో ఏదో బటను నొక్కి ఆ రోజు లెక్క మూయాలట, ఆ వ్యాను మనిషి ఆ సాయంత్రం మూయడం మర్చిపోయాడట, బ్యాంకు వారం రోజులు చూసి ఎవరి డబ్బు వాళ్లకి తిప్పి పంపేసిందట. రెండు నెలల తర్వాత లెక్కలు చూసుకుంటే గానీ బయటపడలేదట. “మీరు పెద్దవారు, మీరే అందరి దగ్గరా వసూలు చేసి పంపించండి,” అన్నాడట. ఆ సాయంత్రం షెడ్డులో పదకొండు ఇళ్లవాళ్లూ కూర్చున్నారు. ఇసకదిబ్బ మీద ఎగిరిన లుంగీలే, ఇప్పుడు బిగించి కట్టుకుని ఉన్నారు. సబ్సిడీ అని ఊరంతా వినేలా అరిచిన మనిషి కూర్మయ్య బావ, ఆ మాట వెనక్కి తీసుకోవడం ఎంత కష్టం. చివరికి లేచి, “మన నీల్లు పాడు సేసింది మనం కాదు. మన కాతాలో డబ్బులు ఏసింది మనం కాదు. బటను నొక్కనోడు ఎవుడో, కట్టీవోడూ ఆడే. ఒకలు కడితే మిగతా పదిమందీ దొంగలైపోతారు. అందుకే ఎవులూ కట్టొద్దు. నలుగురితో సావు పెల్లితో సమానం. మాట తప్పినోలు రెండు వేలు తప్పు కట్టాల,” అన్నాడు. అందరూ సరేనన్నారు. నూకయ్య సరేనన్నాడు. ఆడవాళ్ల వరసలో కూర్చున్న ఎర్రమ్మ కూడా తలూపింది. ఊపిన తల ఆ రాత్రి నుంచి దిండు మీద ఆనితే ఒట్టు.

రెండు వేల తప్పు కాదు భయం. రెండు వేలదేముంది, నాలుగు బుట్టలు ఎక్కువ మోస్తే తీరిపోతుంది. కూర్మయ్య బోటులో నూకయ్య వాటా ఉంది, అదీ భయం. బరువులు ఎత్తకూడదని డాక్టరు చెప్పిన రోజునే నూకయ్య సముద్రానికి పనికిరాకుండా పోయాడు. అలాంటి మనిషికి అర వాటా ఇవ్వడం ఊరి మర్యాద, అదీ ఇచ్చేవాడి మంచితనాన్ని బట్టి. కూర్మయ్య మాత్రం ఒడ్డున కూర్చుని వల కుట్టే నూకయ్యకి నిండు వాటా పంపుతున్నాడు, రెండేళ్లుగా, ఒక్క వారం తప్పకుండా. “వల లాగీ సేతులకెంతో వల కుట్టీ సేతులకీ అంతే,” అని ఒకసారి అన్నాడంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు, ఎవర్నీ ఎత్తనివ్వలేదు. ఆ మనిషి మాట కాదని తను డబ్బు కట్టిందని తెలిస్తే కూర్మయ్య వాటా ఆపేస్తాడా? ఆపడు. అది ఎర్రమ్మకి బాగా తెలుసు. నూకయ్యే ఆపుకుంటాడు. మొహం చూపించలేక ఆ బోటు వైపు వెళ్లడం మానేస్తాడు, వాకిట్లో మంచమేసుకుంటాడు, ఆ మంచం మీద పడుకున్నవాళ్లు ఎలా అయిపోతారో ఆమె వీధంతా చూసింది. ఇప్పుడింకా నడుస్తున్నాడు, తిడుతున్నాడు, మిషను నీళ్లు తాగి మొహం వికారంగా పెట్టి “ఏటే ఈ నీల్లు ఇంత సప్పగున్నాయి, ఏడు వేలు పెట్టి రుసి తీసీసినారేటి,” అంటున్నాడు. అంటూనే రోజూ మిషను తుడిచి, దాని మీద గుడ్డ కప్పుతున్నాడు. మీటింగు నుంచి వచ్చిన రోజు మాత్రం గుడ్డ కప్పుతూ కప్పుతూ ఆగి, “డబ్బులు కట్టకపోతే మిషను ఒట్టుకెల్లిపోతారేటే?” అని అడిగాడు. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు. చప్పటి నీళ్లని తిట్టుకుంటూనే ఆ మనిషి ఆ నీళ్ల మీద ఎంత ఆశ పెట్టుకున్నాడో ఎర్రమ్మకి అప్పుడు తెలిసింది.

సముద్రం మీద ఇలాంటి పేచీలు లేవు, అక్కడ అన్నిటికీ ఓ పద్ధతుంది. ఎవరిదో వల తెగి కొట్టుకొస్తే, అందులో చేపలు దొరికినవాడివి, వల పోగొట్టుకున్నవాడిది. చేపలు ఉంచుకున్నందుకు ఎవరూ ఏమీ అనరు, వల ఉంచుకుంటే మాత్రం ఆ మనిషికి ఏ ఒడ్డునా పిల్లనివ్వరు. ఎర్రమ్మ నాన్న అయితే అలాంటి వల దొరికిన రోజున దాని చిరుగులు కూడా కుట్టి మరీ ఇచ్చి వచ్చేవాడు. మరి ఇందులో వలేది, చేపలేవి? మిషను వల అనుకుంటే, అది తిరిగి ఇచ్చేయాలి, డబ్బు ఉంచుకోవచ్చు. డబ్బు వల అనుకుంటే, డబ్బు ఇచ్చేసి మిషను ఉంచుకోవాలి. ఎటు చూసినా రెండూ ఉంచుకోవడం మాత్రం ఆ పద్ధతిలో లేదు. కానీ కూర్మయ్య బావకి ఈ పద్ధతి తెలీదా? తెలుసు. అతనే రెండేళ్ల కిందట వజ్రపుకొత్తూరు వాళ్ల వల మోసుకెళ్లి ఇచ్చాడు. వల పోగొట్టుకున్నవాడు తనలాంటివాడు, ఎండకి ఎండి వానకి తడిసేవాడు. తారకేశ్వరరావుకి ఏముంది, ఫ్యాను కింద కూర్చుంటాడు, ఎనభై మూడు వేల ఆరు వందలు పోయినా ఆ ఫ్యాను ఆగదు. ఇచ్చేయడం పేదవాడికి, ఎగ్గొట్టడం ఉన్నవాడికి, అనేదేనా ఊరి లెక్క? ఆ లెక్క తప్పని అనడానికి ఎర్రమ్మకి నోరు రాలేదు. ఉన్నవాడి తప్పుకి లేనివాడు కట్టడం తను పుట్టిన దగ్గర్నుంచి చూస్తూనే ఉంది, ఒక్కసారి తిరగబడితే లోకం మునుగుతుందా. మునగదు. ఆ మాట తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకుందో. చెప్పుకుంటూనే రోజుకి రెండొందలు, మూడొందలు బియ్యం డబ్బాలో అడుక్కి దూరుస్తూ వచ్చింది. నిన్న లెక్క చూస్తే ఏడు వేల ఆరు వందలూ నిండాయి.

జీడిపిక్కలు కాలుస్తున్న వాసన కళ్లల్లోకి గుచ్చుకుంది. కాశీబుగ్గ వచ్చేస్తోంది. కుమారి ఫోను జాకెట్లో పెట్టుకుని దిగింది, దిగి మళ్లీ తల లోపలికి పెట్టి, “అప్పా, ఎల్లుండి ఆ షాపాయన మనూరు వొత్తాడట, కూర్మయ్య బావకి పోను సేసినాడట. అందరం ఒక మాట మీదే ఉండాలప్పా. మా ఇంట్లో కట్టడానికి రూపాయి లేదు,” అంది. ఆఖరి మాట నవ్వుతూ అందామనుకుంది గానీ నవ్వు రాలేదు పిల్లకి. జీడిరసం అంటి కాలి మచ్చలు పడ్డ వేళ్లతో ఆటో కడ్డీ పట్టుకుని నిలబడ్డ కుమారిని చూసి, ఎర్రమ్మ “ఉంతాం కాదేటే, ఎందుకుండం,” అంది. అది మాత్రం అబద్ధంలా అనిపించలేదు ఆ నోటికి.

ఆటో నాలుగడుగులు వెళ్లిందో లేదో రైలుగేటు పడిపోయింది. డ్రైవరు ఇంజను ఆపి బీడీ వెలిగించుకున్నాడు. గేటు దగ్గర ఆటోలు, బళ్లు, బుట్టలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నిలబడ్డాయి. గేటు అవతల ఎడమ చేతివైపు సందులోకి ఎర్రమ్మ చూడదు. పన్నెండేళ్లుగా ఆ సందులో చేపలమ్మదు. ఎవరైనా అడిగితే అక్కడ బేరాలు లేవంటుంది. ఇవాళ గేటు కదలదు, ఆటో కదలదు, చూపు మాత్రం తన్నుకుని అటే పోయింది. మూడో ఇల్లు నాగభూషణం మాస్టారిది. ఇప్పుడెవరున్నారో, గోడకి నీలం రంగేశారు. అప్పట్లో మాస్టారి భార్య ప్రభావతమ్మ ప్రతి బుధవారం వీధి గుమ్మంలో కూర్చుని, ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని, ఒక్క చేపని ఏడుసార్లు తిప్పి చూసి, చివరికి ఎర్రమ్మ చెప్పిన ధరకే కొనేది. ఆ బుధవారం వంద రూపాయల కోనాం చేప ముక్కలు కొంది. నాలుగు మడతలు పెట్టిన నోటు చేతిలో పెట్టింది. వాన చినుకులు పడుతున్నాయి, ఎర్రమ్మ చూడకుండానే నడుము సంచిలో దోపేసింది. ఊరెళ్లే బస్సు దగ్గర విప్పి చూస్తే పాత ఐదొందల నోటు. బస్సు కదలడానికి ఇంకా టైముంది. వెనక్కి వెళ్లి ఇచ్చి రావడానికి సరిపోయేంత టైముంది. బస్సెక్కి కూర్చుంది. తప్పు ఆవిడదే కదా, అనుకుంది. అవే మాటలు. తప్పు ఆవిడది, నేను అడిగానా, నేను దొంగిలించానా. కూర్మయ్య బావ మీటింగులో అన్న మాటలు అతని నోట్లోంచి కాక తన నోట్లోంచే వస్తున్నట్టు ఆ రోజు చెవులు ఎందుకు గింగురుమన్నాయో ఇప్పుడు తెలుస్తోంది.

ఆ తర్వాతి బుధవారం ప్రభావతమ్మ నెమ్మదిగా అడిగింది, “ఎర్రమ్మా, పోయినవారం నీకిచ్చిన నోటు ఐదొందలేమో ఒక్కసారి గుర్తు తెచ్చుకో. మాస్టారి జీతంలో ఒక నోటు తగ్గింది.” ఎర్రమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “గంగమ్మ తోడమ్మా, వందే ఇచ్చినారు,” అంది. “అయ్యో, ఒట్టు దేనికి? నేనే ఎక్కడో పడేసుకుని ఉంటాను. నాకీమధ్య ఒట్టి మతిమరుపు. ఆయన నాలుగు రోజుల్నించి నాతో మాట్లాడ్డం లేదు, అందుకని అడిగాను,” అని, అడిగినందుకు తనే నొచ్చుకుని, లోపలికెళ్లి గ్లాసుడు కాఫీ తెచ్చి ఇచ్చింది. ఎర్రమ్మ ఆ కాఫీ తాగింది. అన్నిటికన్నా అదే ఇప్పుడు తలుచుకోలేకపోతోంది, తాగడం. ఆ తర్వాత కూడా ప్రభావతమ్మ చేపలు కొంటూనే ఉంది. కాకపోతే ప్రతిసారీ నోటుని రెండు చేతులతో విప్పి, వెలుతురుకి పట్టి, “చూసుకో ఎర్రమ్మా, వందే కదా? నా కళ్ల మీద నాకు నమ్మకం లేదు,” అనేది. ఎర్రమ్మ మీద అనుమానంతో కాదు, తన మీద తనకే. తప్పు తనదేనని ఆ ఇల్లాలు నమ్మేసింది. మూడు బుధవారాలు ఓర్చుకుంది ఎర్రమ్మ, నాలుగో బుధవారం నుంచి ఆ సందు మానేసింది. ఆ ఐదొందలతో ఏం కొన్నదో ఎంత తలుచుకున్నా గుర్తు రాదు. తర్వాత మాస్టారికి టెక్కలి బదిలీ అయిందని ఎవరో చెప్పారు. రెండేళ్ల కిందట నూకయ్యని టెక్కలి ఆస్పత్రికి తీసుకెళ్లినప్పుడు, కాగితాలు పట్టుకుని రోడ్డు దాటుతుంటే, పళ్లబండి దగ్గర బత్తాయిలు ఏరుతూ ప్రభావతమ్మే. జుట్టు నెరిసింది. నోటు విప్పి వెలుతురుకి పట్టి చూస్తోంది. తన రొంటిని డబ్బులున్నాయి, నోట్లో నాలుక ఉంది. ఎర్రమ్మ నూకయ్య చెయ్యి పట్టుకుని పక్క బండి వెనక్కి లాక్కుపోయి, ఆవిడ వెళ్లేదాకా అక్కడే నిలబడింది. “ఏటే, ఎవులే?” అన్నాడు నూకయ్య. “ఎవులూ కాదు,” అంది.

రైలు వచ్చింది, పెట్టెల తర్వాత పెట్టెలు, తరగని గూడ్సు. ఇప్పుడు ఈ ఏడు వేల ఆరు వందలు కడితే ఆ నాలుగొందలు తీరుతాయా? తీరవు. ఎర్రమ్మకి చదువు రాదు గాని ఈ మాత్రం తెలుసు, ఒకళ్ల దగ్గర తిన్నది ఇంకొకళ్లకి కక్కితే తీరదు. మరి ఎందుకు? తారకేశ్వరరావు మీద జాలా? అతన్ని చూస్తే ఎవరికీ జాలి పుట్టదు. గంగమ్మ అంటే భయమా? గంగమ్మ పన్నెండేళ్లు ఊరుకుంది, ఇంకో పన్నెండేళ్లు ఊరుకోలేదా. పోనీ మంచిదాన్ననిపించుకోవాలనా? అనేవాళ్లెవరు, ఊరికి తెలిస్తే తిట్లు. ఏమీ కాదు. తెల్లారి మిషను కింద గ్లాసు పెట్టి, నీలం దీపం వెలిగి, నీళ్లు సన్నగా పడుతుంటే, ఆ నీళ్లు నూకయ్యకి ఇచ్చేటప్పుడు ఆమె చెయ్యి తడబడుతోంది. అంతే సంగతి. మనిషి బతకాలని ఇస్తున్న నీళ్లవి. వాటిని ఇంకొకళ్ల మతిమరుపు మీద సంపాదించాననే ఊహ ఆమెకి సహించడం లేదు. ఒకసారి అలా సంపాదించిన కాఫీ తాగింది, దాని రుచి ఇంకా పోలేదు. ఊరివాళ్ల నోట అలాంటి రుచి పోయిందేమో, కుమారికి అసలు అంటలేదేమో, కుమారి దగ్గర నిజంగానే రూపాయి లేదు, ఆ పిల్ల కట్టాలని ఎర్రమ్మ ఎవరి ముందూ అనదు. కూర్మయ్య కట్టాలనీ అనదు. వాళ్ల సంగతి వాళ్లకీ సముద్రానికీ తెలుసు. గేటు లేచింది. అన్ని హారన్లూ ఒక్కసారి మోగాయి. ఎర్రమ్మ షాపు ముందు ఆటో ఆపమంది, ఆపమన్నది తనేనా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

“చేపలొద్దమ్మా, ఇవాళ శనివారం,” అన్నాడు తారకేశ్వరరావు తలెత్తకుండానే. ఎర్రమ్మ బుట్ట గుమ్మం బయట పెట్టి, కాళ్లు గోనెపట్టాకి తుడుచుకుని, సంచి విప్పి గాజుబల్ల మీద డబ్బు పెట్టింది. వందలు, ఐదొందలు, చెమటకి మెత్తబడి చేపల వాసన కొడుతున్నాయి. ఊరి పేరూ నూకయ్య పేరూ చెప్పింది. అప్పుడతను తలెత్తి చూశాడు. చిన్నగా నవ్వి, డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి, సొరుగులోంచి కాగితం తీశాడు. దాని మీద వరసగా పదకొండు పేర్లు.

“నువ్వే మొదటిదానివి ఎర్రమ్మా. నిజం చెప్పొద్దూ, ఎవరూ రారనుకున్నాను. ఇదిగో మీ ఆయన పేరు కొట్టేస్తాను, రసీదు రాసిస్తాను. నువ్వింకో చిన్న పని చెయ్యాలి. ‘డబ్బులు మా ఆయన ఖాతాకి తిరిగొచ్చిన మాట నిజమే, మేం మళ్లీ కట్టేశాం’ అని ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యి. ఎల్లుండి ఇది పట్టుకుని మీ ఊరొస్తాను. ఒకరు కట్టేశాక మిగతా పదిమందికీ ఇంక నోరెక్కడ లేస్తుంది?”

ఒకలు కడితే మిగతా పదిమందీ దొంగలైపోతారు. కూర్మయ్య బావ ఊరికే అనలేదు. అతనికి ఈ షాపు, ఈ సొరుగు, ఈ కాగితం అన్నీ ముందే కనపడ్డాయి. తన వేలిముద్ర పట్టుకుని ఈయన షెడ్డులో నిలబడతాడు, అందరూ తనకేసి చూస్తారు, కుమారి చూస్తుంది, నూకయ్య చూడడు, తల వంచుకుని వల కుడతాడు, మర్నాటి నుంచి అదీ కుట్టడు. నల్లసిరా డబ్బా మూత అప్పటికే తీసి ఉంది. ఎర్రమ్మ బొటనవేలు పిడికిట్లో దాచుకుంది. డబ్బు వెనక్కి లాక్కుంటే? బల్ల మీదే ఉంది, అతనింకా సొరుగులో వేయలేదు. చెయ్యి కూడా అంతదూరం వెళ్లింది. వెళ్లి ఆగింది.

“వేలిముద్ర ఎయ్యను బాబూ,” అంది. “రసీదొద్దు. పేరు కొట్టొద్దు.”

“పిచ్చిదానివా? రసీదు లేకుండా ఎవరైనా కడతారా? అసలు మా మతిమరుపు వల్లే కదా ఇంత తంటా వచ్చింది. రేపు నేనే మర్చిపోయి నిన్ను మళ్లీ కట్టమంటే?”

“మీరు మర్సిపోతే నాను మల్లీ పోగు సేసుకుంతాను. కాయితం మాత్రం ఒద్దు.”

“పేరు కొట్టకపోతే ఎల్లుండి మీ ఊళ్లో పదకొండు పేర్లూ చదవాలి. మీ ఆయన పేరు కూడా చదవాలి. అప్పుడేం చేస్తావు?”

ఎర్రమ్మ ఖాళీ సంచి మడిచి రొంటిని దోపుకుంది. “సదవండి బాబూ. అందరితో పాటు సదవండి. ఆల పక్కన నిలబడి, కట్టం అని ఆలన్నట్టే నానూ అంతాను. అప్పుడు మీరు మాత్రం నా మొకం సూసి నవ్వకండి.”